నాలుగో ఆప్షన్



రేడియోలో లెక్కలేమిటని కొందరికి అనిపించవచ్చు. బోర్డు లేదు, చాక్‌పీసు లేదు, బొమ్మ గీసి చూపే వీలసలే లేదు. అయినా ఒక చిన్న లెక్క చెబుతాను, చెవితోనే చేయండి. ఒక సంఖ్య ఉంది. దాన్ని ఎక్స్ అనుకుందాం. దాని గురించి ఇంకేమీ చెప్పను. ఒకవైపు ఎక్స్ వర్గం, అంటే ఎక్స్‌ను ఎక్స్‌తోనే హెచ్చిస్తే వచ్చేది. రెండోవైపు ఉత్త ఎక్స్. రెంటిలో ఏది పెద్దది?

ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లలను ఈ ప్రశ్న అడిగితే చాలామంది అడిగీ అడగకముందే "వర్గమే పెద్దది సార్" అంటారు. రెండు తీసుకుంటే వర్గం నాలుగు, అయిదు తీసుకుంటే ఇరవై అయిదు, ఇంకేముంది? సరే, ఒకటి తీసుకోండి. రెండూ సమానం. అర తీసుకోండి. అరను అరతో హెచ్చిస్తే పావు. పావు అరకంటే చిన్నది, అంటే ఇక్కడ వర్గమే తగ్గిపోయింది. మైనస్ మూడు తీసుకోండి. వర్గం తొమ్మిది, మళ్ళీ వర్గానిదే పైచేయి. ఒక్కో సంఖ్యకు ఒక్కో ఫలితం వస్తోంది కాబట్టి దీనికి సరైన జవాబు "ఇచ్చిన సమాచారంతో తేల్చలేం" అన్నదే.

అమెరికాలో ఎమ్మెస్‌కో పీహెచ్‌డీకో వెళ్ళాలనుకునేవాళ్ళు రాసే జీఆర్ఈ పరీక్షలో ఇలాంటి లెక్కలను క్వాంటిటేటివ్ కంపారిజన్ అంటారు. రెండు రాశులు ఇస్తారు. నాలుగు ఆప్షన్లు ఎప్పుడూ అవే ఉంటాయి, వరుస కూడా మారదు. మొదటిది పెద్దది, రెండోది పెద్దది, రెండూ సమానం, తేల్చలేం. ఆ పరీక్షకు లెక్కలు ఎలా సాధన చేయాలన్నదే ఈ ప్రసంగం. నా దృష్టిలో ఆ సాధన అంతా ఆ నాలుగో ఆప్షన్ చుట్టూ తిరుగుతుంది. మన పిల్లలకు లెక్కలు రావని కాదు. ప్రతి లెక్కకూ ఒక సంఖ్య జవాబుగా వచ్చి తీరుతుందని పన్నెండేళ్ళు నేర్పాం. రాకపోతే తప్పు తమదేననుకుని మళ్ళీ మొదలుపెడతారు.

పరీక్ష సంగతి కొంచెం చెప్పుకుందాం. జీఆర్ఈ కొత్తదేమీ కాదు, 1936 నాటిది. 1947లో ఏర్పడిన ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ అనే సంస్థ దాన్ని నడుపుతోంది. మనవాళ్ళు ఈటీఎస్ అంటారు. 2011లో మార్కుల పద్ధతి మారింది. అప్పటినుంచి లెక్కల విభాగానికి 130 నుంచి 170 దాకా స్కోరు ఇస్తున్నారు. 2023 సెప్టెంబరులో పరీక్షను బాగా కుదించారు. మొత్తం పరీక్ష రెండు గంటలకు రెండు నిమిషాలు తక్కువ. అందులో లెక్కల భాగం రెండు సెక్షన్లు. మొదటిదానిలో 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, రెండోదానిలో 15 ప్రశ్నలకు 26 నిమిషాలు. కలిపితే 27 ప్రశ్నలు, 47 నిమిషాలు. కోవిడ్ తర్వాత చాలా విశ్వవిద్యాలయాలు కొన్ని కోర్సులకు జీఆర్ఈ తప్పనిసరి కాదన్నాయి. దాంతో దీన్ని వదిలేసేవాళ్ళూ ఉన్నారు, మంచి స్కోరుంటే దరఖాస్తుకు బలమని రాసేవాళ్ళూ ఉన్నారు. హైదరాబాదు అమీర్‌పేటలో జీఆర్ఈ కోచింగ్ బోర్డులైతే ఇంకా దిగలేదు.

ఆ నిమిషాలను మన ఎంసెట్ నిమిషాల పక్కన పెట్టి చూడండి. ఇప్పుడు పేరు ఈఏపీసెట్ అయింది గానీ ఇళ్ళలో ఇంకా ఎంసెట్టే. ఇంజనీరింగ్‌కు వెళ్ళేవాళ్ళకు అందులో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు అరవై ఏడు సెకన్లు. జీఆర్ఈలో ఒక్కో లెక్కకు నూట నాలుగు సెకన్లు వస్తాయి. పైగా ఇక్కడ కాలిక్యులస్ లేదు, త్రికోణమితి లేదు, మాత్రికలు లేవు. శాతాలు, నిష్పత్తులు, సరాసరి, సమీకరణాలు, త్రిభుజాలు, వృత్తాలు, కొంచెం సంభావ్యత, కొన్ని గ్రాఫులు. ఎక్కువభాగం పదో తరగతిలో చదివేసినవే. స్క్రీన్ మీద చిన్న క్యాలిక్యులేటర్ కూడా ఇస్తారు.

సిలబస్ తేలిక, సమయం ఎక్కువ, చేతిలో క్యాలిక్యులేటర్. అయినా ఇంటర్‌లో లెక్కల్లో నూటికి తొంభై అయిదు దాటినవాళ్ళు మొదటి మాక్ టెస్టులో బోల్తా పడుతుంటారు. ఎందుకంటే ఎంసెట్ తయారీలో మనం ప్రశ్నను చదవం, గుర్తుపడతాం. రెండు మాటలు కంటపడగానే "ఇది ఫలానా మోడల్ బిట్" అని చెయ్యి ఫార్ములా వైపు వెళ్ళిపోతుంది. అరవై ఏడు సెకన్లలో చేయాలంటే వేరే దారి లేదు మరి. ఆ అలవాటును నేను తప్పుపట్టను, ఆ పరీక్షకు అదే సరైన పనిముట్టు. జీఆర్ఈ ప్రశ్నలు రాసేవాళ్ళు మాత్రం అలా గుర్తుపట్టేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే రాస్తారేమోననిపిస్తుంది. మొదట తట్టే జవాబు ఆప్షన్లలో తప్పకుండా ఉంటుంది. అది తప్పయి ఉంటుంది.

ఒక ఉదాహరణ. చీరల దుకాణంలో ఒక చీర ధరను ముందు ఇరవై శాతం పెంచారు. ఆషాఢం రాగానే ఆ కొత్త ధర మీద ఇరవై శాతం తగ్గింపన్నారు. ఇప్పుడు ఒకవైపు చీర మొదటి ధర, రెండోవైపు తగ్గింపు ధర. ఏది ఎక్కువ? ఎంసెట్ వేగంలో ఉన్నవాడు "ఇరవై పెరిగింది, ఇరవై తగ్గింది, సమానం" అంటాడు. నేను ఇందాక చెప్పిన నాలుగో ఆప్షన్‌ను కొత్తగా ఒంటబట్టించుకున్నవాడు ఇంకో గోతిలో పడతాడు. "అసలు చీర ధరెంతో ఇవ్వలేదు, కాబట్టి తేల్చలేం" అంటాడు. ఇద్దరిదీ తప్పే. ధర వంద అనుకోండి. నూట ఇరవై అయింది. నూట ఇరవైలో ఇరవై శాతం ఇరవై నాలుగు. తీసేస్తే తొంభై ఆరు. వంద కాక అయిదువేలైనా, పదివేలైనా చివరికి మిగిలేది మొదటిదానిలో తొంభై ఆరు శాతమే. మొదటి ధరే ఎక్కువ.

ఎక్స్ లెక్కలోనూ ఒకటి తెలియదు, చీర లెక్కలోనూ ఒకటి తెలియదు. ఎక్స్ మారితే జవాబు మారింది. ధర మారినా జవాబు మారలేదు. తెలియనిది ఉండటం వేరు, తేల్చలేకపోవడం వేరు. సాధనలో పట్టుబడాల్సింది ఈ తేడా. దీనికి ఫార్ములా లేదు. ప్రతి లెక్క దగ్గరా ఆగి "నాకు తెలియనిదాన్ని అటూ ఇటూ కదిపితే జవాబు కదులుతుందా?" అని అడగాలి. కదపడానికి తీసుకోవాల్సిన సంఖ్యలు కూడా నోటికి వచ్చి ఉండాలి. ఒక పెద్ద సంఖ్య, ఒకటి, సున్నా, సున్నాకూ ఒకటికీ మధ్య ఒక భిన్నం, ఒక రుణ సంఖ్య, ఒక రుణ భిన్నం. మన పిల్లలు సాధారణంగా రెండు, మూడు, అయిదు తీసుకుని ఆగిపోతారు. ఆ మూడూ ఒకే రకం సంఖ్యలు, వాటితో పరీక్షించినా ఒకసారి పరీక్షించినట్టే.

ఇదే కోవలో మరొకటి. కారులో హైదరాబాదు నుంచి విజయవాడకు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్ళి, అదే దారిలో నలభై వేగంతో తిరిగివచ్చారు. మొత్తం ప్రయాణంలో సగటు వేగమెంత? యాభై అనాలనిపిస్తుంది. దూరం ఇవ్వలేదుగా, తేలదనీ అనిపిస్తుంది. దూరాన్ని నూట ఇరవై అనుకోండి. విజయవాడ అంత దగ్గర కాదని నాకూ తెలుసు, అరవైకీ నలభైకీ ఇంపుగా తెగుతుందని తీసుకున్నాను. వెళ్ళడానికి రెండు గంటలు, రావడానికి మూడు గంటలు. రెండువందల నలభై కిలోమీటర్లు, అయిదు గంటలు. సగటు నలభై ఎనిమిది. నెమ్మదిగా వచ్చిన దారిలో ఎక్కువసేపు గడిపారు కదా, సగటు ఆ వైపుకు ఒరిగింది. అసలు దూరం వేసి చేసినా నలభై ఎనిమిదే వస్తుంది. ఈ ప్రశ్నను ఎక్స్, వై, జెడ్ పెట్టి అరపేజీ బీజగణితంతో చేసేవాళ్ళున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమే. పైగా ఆ తవ్వకంలో నూట నాలుగు సెకన్లూ అయిపోతాయి.

ఇక సాధన ఎలా చేయాలన్న ప్రశ్న. నేను చూసినంతలో మనవాళ్ళు అనుసరించే పద్ధతి ఒక్కటే. పుస్తకం మొదటి అధ్యాయం తీసి శాతాల లెక్కలు వరసగా నలభై చేస్తారు. తర్వాత నిష్పత్తులు నలభై. ఆ తర్వాత పని-కాలం. బజారులో పేరులోనే తన బరువు అయిదు పౌండ్లని చెప్పుకునే లెక్కల పుస్తకం కూడా ఉంది. దాన్ని పూర్తిచేశామని గర్వంగా చెబుతారు. పూర్తిచేయడం మంచిదే, చేసిన వరుసే నాకు నచ్చదు.

శాతాల అధ్యాయంలో ఉన్న లెక్క శాతాల లెక్కేనని మీకు ముందే తెలుసు. సగం పని పుస్తకమే చేసిపెట్టింది. పరీక్షలో అధ్యాయం పేరు ఉండదు. ఏ దారిన వెళ్ళాలో ఎంచుకోవడమే అక్కడ అసలు పని, ఆ పనికేమో సాధనే జరగలేదు. అమెరికాలో ఫ్లోరిడాకు చెందిన డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో దీన్ని ప్రయోగం చేసి చూశారు. కాలేజీ విద్యార్థులకు మామూలుగా తెలియని నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కోవడం నేర్పారు. ఒక జట్టు ఒక రకం లెక్కలన్నీ ఒకచోట, తర్వాత రెండో రకం, అలా చేసింది. ఇంకో జట్టు నాలుగు రకాలూ కలగాపులగంగా చేసింది. సాధన జరుగుతున్నప్పుడు వరసగా చేసినవాళ్ళదే పైచేయి, వాళ్ళకు 89 శాతం సరైనవి, కలిపి చేసినవాళ్ళకు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే తారుమారైంది. వరసగా చేసినవాళ్ళు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవాళ్ళు 63 దగ్గర నిలబడ్డారు.

ఈ అంకెల్లో నన్ను ఆపేది చివరి ఫలితం కంటే మొదటిది. కలిపి చేసే సాధన చేస్తున్నంతసేపూ కష్టంగా ఉంటుంది, తప్పులు ఎక్కువ వస్తాయి, "నేను వెనకబడుతున్నాను" అనిపిస్తుంది. అందుకే ఎవరూ చేయరు. ఎనభై తొమ్మిది శాతం వస్తుంటే కలిగే తృప్తిని వదులుకుని అరవైతో తిప్పలు పడమని ఏ కోచింగ్ సెంటరు చెబుతుంది? ఫీజు కట్టినవాళ్ళు మరుసటి నెల రారు. మీరు మాత్రం ఇలా చేయండి. ఒక అంశం మొదటిసారి నేర్చుకునేటప్పుడు అదొక్కటే కొన్ని లెక్కలు చేయండి, దాని తీరు తెలిసేదాకా. ఆ తర్వాత వెంటనే మిశ్రమానికి వచ్చేయండి. పుస్తకంలో నాలుగుచోట్ల నుంచి మూడేసి లెక్కలు తీసి కలిపేయండి. పన్నెండు లెక్కలు, ఇరవై ఒక్క నిమిషాలు. మొదటి సెక్షన్ కొలత సరిగ్గా అదే.

చేసిన తర్వాత ఏం చేస్తారన్నది ఇంకా ముఖ్యం. జార్జ్ పోల్యా అనే గణితవేత్త 1945లో హౌ టు సాల్వ్ ఇట్ అనే పుస్తకం రాశాడు. లెక్క చేయడాన్ని ఆయన నాలుగు మెట్లుగా చెప్పాడు. ప్రశ్నను అర్థం చేసుకోవడం, దారి ఆలోచించడం, ఆ దారిన వెళ్ళడం, వెళ్ళాక వెనుదిరిగి చూడటం. మనం మూడో మెట్టు మీదే బతుకుతాం. నాలుగోదాని మీద కాలు పెట్టేవాళ్ళు అరుదు. జవాబుల పేజీ తీస్తాం, బి అని ఉంటుంది, మనదీ బి, టిక్కు కొట్టి ముందుకు పోతాం. మనది సి అయితే సొల్యూషన్ చదివి "అరె, ఇంతేనా, సిల్లీ మిస్టేక్" అనుకుని ముందుకు పోతాం. ఈ "సిల్లీ మిస్టేక్" అనే మాటను ఇంట్లో నిషేధించాలని నా మనవి. ప్రతివారం ఒకేచోట జరిగే తప్పుకు అదేం పేరు?

తప్పుల కోసం ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎర్రర్ లాగ్ పెట్టమని కోచింగుల్లోనూ చెబుతారు, చాలామంది పెడతారు కూడా. దాన్లో లెక్క మొత్తం ఎక్కించి, కింద సరైన సొల్యూషన్ అందంగా రాస్తారు. అది సొల్యూషన్ల పుస్తకానికి నకలు అవుతుందంతే. మీరు రాయాల్సింది ఒక్క వాక్యం, నేను ఏ క్షణంలో దారి తప్పాను అని. "ఎక్స్ పూర్ణసంఖ్య అని వాళ్ళు చెప్పలేదు, నేనే అనుకున్నాను." "పదిహేను నుంచి ఎనభై అయిదు దాకా, రెండూ కలుపుకుని, ఎన్ని సంఖ్యలంటే డెబ్భై అన్నాను, డెబ్భై ఒకటి." "బొమ్మలో ఆ కోణం తొంభై డిగ్రీలలా కనిపించింది, తొంభై అని ఎక్కడా లేదు." ఇలాంటి వాక్యాలు ఒక ముప్ఫై పోగయ్యాక తిరగేసి చూడండి. ముప్ఫై రకాల తప్పులుండవు. నాలుగో అయిదో ఉంటాయి, అవే వేషం మార్చుకుని వస్తుంటాయి. నాకు తెలిసిన ఒకమ్మాయి నోట్‌బుక్‌లో సగానికి సగం ఒకే వాక్యం, "చెప్పనిదాన్ని అనుకున్నాను" అని. లెక్కలు ఆమెకు ముందునుంచే వచ్చు. ఆ ఒక్క అలవాటు పోవడానికే రెండు నెలలు పట్టింది.

బొమ్మల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. జీఆర్ఈలో త్రిభుజాలు, వృత్తాల బొమ్మలు కొలతకు గీసినవని నమ్మకూడదు. సమానంగా కనిపించే భుజాలు సమానం కాకపోవచ్చు. ఇది ఈటీఎస్ ముందే చెప్పే నిబంధన. గ్రాఫులు, చార్టులు మాత్రం కొలతకే ఉంటాయి, వాటిని కంటితో చదవవచ్చు. జ్యామితి లెక్క వస్తే నేను పిల్లలకు చెప్పేదొకటే. వాళ్ళ బొమ్మను వదిలేసి, ఇచ్చిన షరతులు తప్పకుండా రఫ్ పేపర్ మీద మీ బొమ్మ మీరు గీయండి. వీలైతే రెండు, ఒకటి సన్నగా సాగదీసి, ఒకటి అణిచి. రెంటిలోనూ జవాబు ఒకటే అయితే తేలుతుంది, వేరైతే నాలుగో ఆప్షన్.

ఇంగ్లీషు సంగతి దాటవేయలేం. లెక్కల విభాగంలో పోయే మార్కుల్లో కొన్ని చదవడంలో పోయేవే. పాజిటివ్ అన్నచోట నాన్ నెగెటివ్ అని చదివితే సున్నా లోపలికి వచ్చేస్తుంది. డిస్టింక్ట్ అన్న ఒక్క మాట వదిలేస్తే ఒకే సంఖ్య రెండుసార్లు వాడేస్తాం. ఇంటిజర్ అని ఉందా, ఉత్త నంబర్ అని ఉందా అన్నదాని మీద మొత్తం జవాబు తలకిందులవుతుంది. దీనికి నాకు తెలిసిన ఉపాయం రేడియోకు సరిపోయేదే. లెక్క చేసేముందు దాన్ని మీ మాటల్లో, తెలుగులో, పైకి చెప్పుకోండి. పరీక్ష హాల్లో కుదరదు, ఇంట్లో కుదురుతుంది. అమ్మకో నాన్నకో చెప్పగలిగితే మరీ మంచిది. వాళ్ళకు లెక్కలు రానక్కర్లేదు. "ఇంతకీ వాళ్ళు అడిగిందేమిట్రా?" అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు.

ఇలా సాధన కోసమే లెక్కలు కట్టి చెప్పడం మనకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. సూత్రం చెప్పడం, వెంటనే దానికి లెక్కలివ్వడం. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి కావ్యాలు పుడుతున్న రోజుల్లోనే లెక్కల పుస్తకం కూడా పుట్టిందంటే నాకు ముచ్చటేస్తుంది. పద్యంలో ఉన్న లెక్కను చేయాలంటే ముందు పద్యం విప్పుకోవాలి, ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో తేల్చుకోవాలి. ప్రశ్నను చదవకుండా గుర్తుపట్టే సౌకర్యం అక్కడ లేదు.

పరీక్ష నడకను బట్టి సాధనలో అలవాటు చేసుకోవాల్సినవి మరికొన్ని ఉన్నాయి, త్వరగా చెబుతాను. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ఒక సెక్షన్‌లోని ప్రశ్నలన్నిటికీ విలువ సమానం. ఒక లెక్క రెండు నిమిషాలు తినేసి ఇంకా తేలకపోతే గుర్తు పెట్టి వదిలి, చివర్లో తిరిగి రావచ్చు, స్క్రీన్ మీద ఆ వీలుంది. మొదటి సెక్షన్ ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ కష్టం మారుతుంది. రెండోది కష్టంగా కనిపిస్తే కంగారుపడకండి, మొదటిది బాగా చేశారనే దానికి గుర్తు కావచ్చు. మనవాళ్ళు వదలడంలో వెనకబడతారు. ఇంటర్‌లో మొదటి ర్యాంకువాళ్ళు మరీనూ. తమకు లొంగని లెక్క ఒకటుందంటే ఒప్పుకోబుద్ధి కాదు, దానితో నాలుగు నిమిషాలు కుస్తీపట్టి తేలికైన రెండు చూడకుండానే టైము అయిపోగొట్టుకుంటారు. అందుకని ఇంట్లో చేసే పన్నెండు లెక్కల్లోనే రెండిటిని కావాలని వదిలిపెట్టి, చివర్లో తిరిగి రావడం సాధన చేయాలి.

క్యాలిక్యులేటర్ గురించి నా అభిప్రాయం కొంచెం పాతకాలపుది. ఇచ్చారు కదా అని ప్రతిదానికీ దాని దగ్గరకు పరిగెత్తకండి. మౌస్‌తో ఒక్కో అంకె నొక్కుతూ పోతే పదిహేడు ఇంటూ తొంభై ఎనిమిదికి పట్టే సమయంలో మనసులో పదిహేడువందల్లోంచి ముప్ఫై నాలుగు తీసేసి పదహారువందల అరవై ఆరు అని ఎప్పుడో చెప్పేయవచ్చు. గ్రాఫుల లెక్కల్లో, దశాంశాలు గజిబిజిగా ఉన్నచోట వాడండి. కంపారిజన్ ప్రశ్నల్లో దాని అవసరం చాలావరకు రాదు. అక్కడ రెండువైపులా విలువలు కట్టక్కర్లేదు, ఏది పెద్దదో తెలిస్తే చాలు. మన ఇంటర్ పరీక్షల్లో క్యాలిక్యులేటర్ లేకుండా చదివినవాళ్ళకు ఇక్కడ ఒక వరం ఉంది, దాన్ని చేజార్చుకోవద్దు.

మాక్ టెస్టులు ఎక్కడివి రాయాలని అడుగుతుంటారు. ఈటీఎస్ వాళ్ళే పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి పరీక్షలు ఉచితంగా ఇస్తున్నారు, లెక్కల పునశ్చరణ పుస్తకం కూడా ఉచితమే. మిగతావాళ్ళు రాసిన ప్రశ్నలు సాధనకు పనికొస్తాయి గానీ చాలావాటిలో గుణకారభాగహారాల శ్రమ ఎక్కువ, మెలిక తక్కువ. అసలు ప్రశ్నల్లో శ్రమ తక్కువ, మెలిక ఎక్కువ. అందుకని ఆ రెండు ఉచిత పరీక్షలనూ మొదటి వారంలోనే ఖర్చుచేసేయకండి. మొదట ఒకటి రాసి ఎక్కడున్నారో చూసుకోండి, రెండోది అసలు పరీక్షకు వారం పదిరోజుల ముందుకు దాచుకోండి. స్కోరు నచ్చకపోతే ఇరవై ఒక్క రోజుల తర్వాత మళ్ళీ రాయవచ్చు. ఫీజు మాత్రం మళ్ళీ పూర్తిగా కట్టాలి, ఆ లెక్క ఇంట్లో పెద్దవాళ్ళు చేసుకుంటారు.

ఎంబీయేకు వెళ్ళేవాళ్ళు రాసే జీమ్యాట్‌లో ఈ నాలుగో ఆప్షన్‌కు అన్నలాంటి ప్రశ్న ఒకటుంది, డేటా సఫిషియెన్సీ అని. అక్కడ జవాబు కనుక్కోమని అడగనే అడగరు. ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా లేదా అన్నదే ప్రశ్న. జీఆర్ఈ రాసేవాళ్ళు కూడా అవి కొన్ని చేసి చూడమంటాను. ఆ తరహా లెక్క ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. కాగితం, కలం ఉంటే రాసుకోండి.

పెన్ను ఏడు రూపాయలు, పెన్సిలు అయిదు రూపాయలు. ఒకబ్బాయి కొన్ని పెన్నులు, కొన్ని పెన్సిళ్ళు కొని సరిగ్గా ఇరవై తొమ్మిది రూపాయలిచ్చాడు. ఎన్ని పెన్నులు కొన్నాడో చెప్పగలమా? రెండు తెలియనివి, ఒకే సమీకరణం, కాబట్టి తేల్చలేమని మన పాఠ్యపుస్తకం చెప్పినట్టు గుర్తు. కానీ పెన్నులు అర, పావు అమ్మరు కదా. ఒక పెన్నయితే ఇరవై రెండు మిగులుతుంది, అయిదుతో పోదు. రెండయితే పదిహేను మిగులుతుంది, మూడు పెన్సిళ్ళు. మూడయితే ఎనిమిది, పోదు. నాలుగయితే ఒక్క రూపాయి. కాబట్టి రెండు పెన్నులు, మూడు పెన్సిళ్ళు, మరో దారి లేదు. తేలింది. పూర్ణసంఖ్యల్లోనే జవాబు వెతికే ఇలాంటి లెక్కలకు ఆర్యభటుడు కుట్టకమనే పద్ధతి చెప్పాడు. మహావీరాచార్యుడూ దాన్ని విస్తరించాడు.

ఇప్పుడు అదే దుకాణం, అవే ధరలు. ఆ అబ్బాయి ఇచ్చింది ఇరవై తొమ్మిది కాదు, యాభై తొమ్మిది రూపాయలు. ఎన్ని పెన్నులు కొన్నాడో తేలుతుందా, తేలదా? మీరు చేసి చూడండి.